బ్రాయిలర్ దాణాలో పసుపు, వాము, తెల్లగడ్డ: సీమ రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

పత్తికొండ దగ్గర నాకు నాలుగు వేల కోళ్ల షెడ్డు ఉంది. అంతకుముందు కొన్నేళ్లు, రైతులకు పిల్లలు, దాణా ఇచ్చి కోళ్లు పెంచించే ఒక ఇంటిగ్రేషన్ కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేశాను. బండి మీద కర్నూలు, అనంతపురం, కడప వైపు షెడ్లన్నీ తిరిగాను. పశువైద్యుణ్ని మాత్రం కాను. కోళ్లకు రోగం వచ్చిందని ఎవరైనా ఫోన్ చేస్తే డాక్టర్ దగ్గరికే పంపుతాను. దాణాలో మూలికలు కలపడం గురించి అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ చెప్పిందే చెప్పడం కంటే అన్నీ ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

మూలికలు వేస్తే కోళ్లు నిజంగా బరువు పెరుగుతాయా అన్నా?

పెరగొచ్చు, కానీ కొంచెమే. అది కూడా అన్ని షెడ్లలో ఒకేలా ఉండదు.

వాము, అల్లం, తెల్లగడ్డ లాంటి ఘాటు దినుసులు పేగులో జీర్ణరసాలు బాగా ఊరేలా చేస్తాయి. వాటి నూనెల్లో సూక్ష్మజీవులను అణిచే గుణం ఉంది కాబట్టి పేగులో చెడ్డ బ్యాక్టీరియా కాస్త తగ్గుతుంది. పసుపు, ఉసిరి, తులసి లాంటివి ఎండ, గాలాడకపోవడం, రద్దీ వల్ల కోడి ఒంట్లో జరిగే నష్టాన్ని కొంత ఆపుతాయి. వీటన్నిటివల్ల తిన్న దాణా మరికాస్త ఒంటబడుతుంది. ఒక బ్రాయిలర్ 40, 42 రోజుల్లో మూడున్నర కిలోల దాకా దాణా తిని రెండు కిలోల పైన బరువు తూగుతుంది. మూలిక చేసే మేలంతా ఆ మూడున్నర కిలోల్లో యాభై, వంద గ్రాములు మిగలడం దగ్గరే ఉంటుంది. ఎవరైనా ‘మా పొడి వేస్తే అరకిలో ఎక్కువ వస్తుంది’ అంటే నమస్కారం పెట్టి పంపించేయండి.

నేను గమనించింది ఇంకోటి ఉంది. నేల మీద పరిచిన పొట్టు పొడిగా, నీళ్లు శుభ్రంగా, గాలి ధారాళంగా ఉన్న షెడ్డులో మూలిక వేసినా తేడా పెద్దగా తెలియదు, ఎందుకంటే అక్కడ కోడికి ఇబ్బందే లేదు. మురికి షెడ్డులో ఏది వేసినా దండగే. తేడా కనిపించేది మధ్యరకం షెడ్లలో. మనలో చాలామందివి అలాంటివే అనుకోండి.

ఇన్నేళ్లు లేని ఈ హడావుడి ఇప్పుడెందుకు?

యాంటీబయాటిక్స్ వల్ల. రోగం లేకపోయినా త్వరగా బరువు పెరగడానికని వాటిని కొద్దికొద్దిగా దాణాలో కలపడం ప్రపంచమంతా చాలాకాలం నడిచింది. అలా రోజూ కొంచెం తగులుతుంటే బ్యాక్టీరియా ఆ మందుకు మొండికేస్తుంది. తర్వాత మనిషికి జబ్బు చేసినప్పుడు అదే మందు పని చేయదు. ఎదుగుదల కోసం వాడే యాంటీబయాటిక్స్‌ను యూరోపియన్ యూనియన్ దేశాలు 2006 జనవరి నుంచి పూర్తిగా ఆపేశాయి. మన దేశంలో కోలిస్టిన్ అనే మందును కోళ్లకు, పశువులకు, ఆక్వాకు, దాణాకు వాడకుండా 2019 జులైలో కేంద్రం నిషేధించింది. ఆసుపత్రుల్లో ఏ మందుకూ లొంగని ఇన్ఫెక్షన్లకు చివర్లో వాడేది అదే.

ఆ ఖాళీలోకే ఈ హెర్బల్ పొడులు, సీసాలు వచ్చాయి. కొన్ని మంచివే, కొన్ని ఉత్త రంగుపొడి.

నావి కంపెనీ పిల్లలు, కంపెనీ దాణా. నా ఇష్టానికి కలపొచ్చా?

చెప్పకుండా కలపొద్దు. మన వైపు ఎక్కువ షెడ్లు ఈ పద్ధతిలోనే నడుస్తాయి. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కూలీ మనవి. చివర్లో కిలోకు ఇంతని గ్రోయింగ్ చార్జీ ఇస్తారు. దాణా వాళ్లది కాబట్టి అందులో మీరేదైనా కలిపాక బ్యాచ్ దెబ్బతింటే మాట మీ మీదకే వస్తుంది. సూపర్‌వైజర్‌కు చెప్పి, వీలైతే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి, తర్వాతే మొదలుపెట్టండి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఈ పద్ధతిలో మిగిలిన దాణా కంపెనీకి మిగులుతుంది. ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువు పెరగడానికి కోడి ఎన్ని కిలోల దాణా తిందో ఆ లెక్క, బాగుంటే ఇచ్చే ఇన్సెంటివ్ ఒక్కటే మీ చేతికొస్తుంది. పసుపు మాత్రం మీ జేబులోంచి పోతుంది. అందుకే ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి. సొంతంగా పిల్లలు కొని, దాణా కొని పెంచేవాళ్ల లెక్క వేరు.

ఏది ఎంత కలపాలి?

వంద కిలోల దాణాకు నేను వాడే లెక్క చెబుతాను. పసుపు అరకిలో. ఎండబెట్టిన తెల్లగడ్డ పొడి అరకిలో. శొంఠి కూడా అంతే. మెంతులు అరకిలో నుంచి కిలో. నల్లజీలకర్ర కిలో దాకా వేయొచ్చు కానీ ధర చూస్తే ఎవరూ వేయరు. తులసి ఆకు పొడి అరకిలో. వేపాకు పొడి 200 గ్రాములు దాటొద్దు. మునగాకు పొడి ఒకటి రెండు కిలోలు వేసుకోవచ్చు, అది మందు కంటే మేతకు దగ్గర. ఐదు కిలోలు దాటితే పీచు ఎక్కువై ఎదుగుదల తగ్గుతుంది.

ఇవన్నీ ఒకేసారి వేయమని కాదు. ఒకటో రెండో ఎంచుకోండి, మునగాకు కాక మిగతావన్నీ కలిపినా కిలోన్నర దాటనివ్వొద్దు. కంపెనీ దాణాలో మాంసకృత్తులు, శక్తి కొలిచి పెడతారు. మీరు బయటినుంచి పొడి కలిపినకొద్దీ ఆ కొలత పలచబడుతుంది.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నదే. ఒక వేసవి బ్యాచ్‌లో ఎవరో చెప్పారని వేపాకు, తెల్లగడ్డ రెండూ చేతికొచ్చినంత వేశాను. కోడికి కారం తెలియదు గానీ చేదు తెలుస్తుంది. రెండో రోజుకల్లా ఫీడర్లలో దాణా అలాగే మిగిలిపోయింది. మూడు రోజులు మేత తగ్గితే బ్రాయిలర్‌లో ఆ బరువు మళ్లీ రాదు. మా ఇంట్లో దాన్ని ఇప్పటికీ ‘వేపాకు బ్యాచ్’ అంటారు.

మొదటి వారం పిల్లలకు నేను ఏ పొడీ వేయను. ఆ వారం వాటికి కావాల్సింది బ్రూడర్ కింద 33, 34 డిగ్రీల వెచ్చదనం, శుభ్రమైన నీళ్లు, కంటికి ఎదురుగా దాణా. ఎనిమిదో రోజు నుంచి సగం మోతాదుతో మొదలుపెడతాను.

వాము గురించి చెప్పండి. మన కర్నూలు వాముకు అంత విలువుందా?

ఈ ప్రశ్న అడిగితే నాకు హుషారు వస్తుంది.

విదేశీ కంపెనీల హెర్బల్ ప్యాకెట్ వెనక తిప్పి చూడండి, చాలావాటి మీద థైమాల్ అని ఉంటుంది. థైమ్, ఒరెగానో అనే విదేశీ ఆకుల నూనెల్లో ఉండే పదార్థం అది. మన వాము వాసన కూడా ఆ థైమాల్‌దే. వాము గింజలో రెండు నుంచి నాలుగు శాతం నూనె ఉంటుంది, ఆ నూనెలో సుమారు సగం థైమాలే. అంటే కిలో వాములో పది నుంచి ఇరవై గ్రాములు. వంద కిలోల దాణాకు కిలో వాము వేస్తే, కిలో దాణాకు 100 నుంచి 200 మిల్లీగ్రాముల థైమాల్ పడుతుంది. కోళ్ల మీద థైమాల్ వాడి చూసిన పరిశోధనల్లో ఎక్కువగా కనిపించే మోతాదు కూడా ఇంచుమించు అదే. కర్నూలు మార్కెట్ యార్డుకు బస్తాల్లో వచ్చే సరుకు గురించి మాట్లాడుకుంటున్నాం మరి!

చిక్కు రెండు చోట్ల ఉంది. మొదటిది, ఆ నూనె గాలికి పోతుంది. నెల ముందు పొడి కొట్టి పెడితే మిగిలేది పొట్టే. ఏ రోజు కలుపుతారో ఆ రోజే దంచండి. సంచి విప్పగానే ముక్కుకు ఘాటు తగలకపోతే ఆ వాము వేసీ లాభం లేదు. రెండోది ధర. కిలో రెండు వందలు అనుకుంటే, బ్యాచ్ మొత్తం కిలో చొప్పున వేస్తే కోడికి దాదాపు ఏడు రూపాయలు పడుతుంది. గిట్టదు. అందుకే నేను 15వ రోజు నుంచి 28వ రోజు దాకానే వేస్తాను. దాణా మారేదీ, పొట్టు తడిసేదీ, విరేచనాలు మొదలయ్యేదీ ఆ రెండు వారాల్లోనే. అప్పుడు కోడికి రెండున్నర, మూడు రూపాయల్లో అయిపోతుంది. జల్లెడ పట్టాక మిగిలే చిన్న గింజ తక్కువ ధరకు దొరికితే ఇంకా మేలు. ఘాటు ఉండి, బూజు లేకపోతే కోడికి గింజ సైజుతో పనిలేదు.

పసుపు ఎక్కడ కొనాలి? అంగట్లో పొడి పనికిరాదా?

పొడి కొనకండి. కొమ్ములు కొని మరపట్టించుకోండి. కడప జిల్లా మనకు దగ్గరే, ఒక పసుపు రకానికి మైదుకూరు అనే పేరే ఉంది. రైతు దగ్గరో మార్కెట్‌లోనో ఉడకబెట్టి ఎండబెట్టిన, పాలిష్ పట్టని కొమ్ములు తీసుకుంటే ధరా తగ్గుతుంది, మోసమూ తగ్గుతుంది. విరిగిన ముక్కలైనా ఫర్వాలేదు.

పాలిష్ గురించి ఎందుకు చెబుతున్నానంటే, కొమ్ములు నిగనిగలాడడానికి లెడ్ క్రోమేట్ అనే పసుపురంగు పూసేవాళ్లున్నారు. అందులో ఉండేది సీసం. అది కోడి ఒంట్లోకి, అక్కడినుంచి తినేవాళ్ల ఒంట్లోకి పోతుంది. చేతికి మరీ మెరుపుగా, నిమ్మపండు రంగులో కనిపించే కొమ్ముల జోలికి వెళ్లకండి. పొడిలో కలిపే ఇంకో రంగు మెటానిల్ ఎల్లో. పసుపు నీళ్లలో రెండు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే గులాబీ రంగు తిరిగి, ఇంకా నీళ్లు పోసినా ఆ రంగు పోకపోతే ఆ కల్తీ ఉన్నట్టు.

పసుపులో పనిచేసే కర్కుమిన్ పేగునుంచి రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది. మిరియాలు కొంచెం తోడైతే బాగా పడుతుంది. అదే మిరియం కొన్ని మందులను కూడా ఎక్కువగా ఒంటికి పట్టిస్తుంది. కాబట్టి డాక్టర్ రాసిన మందుల కోర్సు నడుస్తున్నప్పుడు మిరియాలు ఆపేయండి.

పసుపు వేస్తే చర్మం పచ్చగా వస్తుందా? కొనేవాళ్లు ఆ రంగు అడుగుతున్నారు.

రాదు. ఆ రంగు పచ్చ మొక్కజొన్నలో, బంతిపూల రేకుల్లో ఉండే వేరే పదార్థాలది.

మిరపకాయ పొడి?

కోడికి కారం తెలియదు. కారాన్ని పసిగట్టే నరాల ఏర్పాటు పక్షుల్లో వేరుగా ఉంటుంది. మిరపతోటలో చిలకలు కాయలు ఎలా తింటాయో చూసే ఉంటారు. కాబట్టి నష్టం లేదు. కలిపేవాడి కళ్లకే నష్టం. నేను వాడను.

ఉల్లి ధర పడిపోయింది. పారబోసే ఉల్లిగడ్డలు కోళ్లకు వేయొచ్చా?

వద్దు. ధర పడిన ప్రతిసారీ కోడుమూరు వైపు నుంచి, గూడూరు నుంచి ఈ ఫోన్ వస్తుంది. రైతు బాధ నాకు తెలుసు. రోడ్డు పక్కన పోసిన గడ్డలు చూస్తే ఎవరికైనా ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. కానీ ఉల్లిలోని గంధకపు పదార్థాలు మోతాదు మించితే ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. పైగా అది సగానికి పైగా నీళ్లే, షెడ్డులో పోస్తే మర్నాటికి కుళ్లు, ఈగలు. సన్నగా తరిగి బాగా ఎండబెట్టి, పొడి చేసి, వంద కిలోలకు అరకిలో లోపు వేస్తే ఫర్వాలేదు. ఆ లెక్కన మీ షెడ్డు ఎన్ని బస్తాల ఉల్లి ఖాళీ చేస్తుందో వేసుకోండి. ఉల్లి రైతు కష్టం కోళ్ల షెడ్డుతో తీరేది కాదు.

గుళికల దాణాలో పొడి ఎలా కలపాలి? అడుగుకు దిగిపోతోంది.

దిగిపోతుంది. గుళిక మీద పొడి నిలవదు. కోళ్లు గుళిక ఏరుకుని తింటాయి, ఫీడర్ అడుగున పసుపు ముద్ద మిగులుతుంది. బలహీనమైన కోడి చివర్లో వచ్చి ఆ ముద్దే తింటుంది.

వంద కిలోల గుళికలకు పావు కిలో నుంచి అరకిలో నూనె చల్లి, చేత్తో తిప్పి, ఆ తర్వాత పొడి చల్లుతూ మళ్లీ తిప్పితే చాలావరకు అంటుకుంటుంది. నూనె పట్టిన దాణా రెండు రోజుల్లో అయిపోవాలి, ఎండలకు కమురు వాసన వస్తుంది. పిండి దాణా అయితే ఇంకా సులువు. అరకిలో పొడిని తెచ్చి నేరుగా వంద కిలోల మీద పోసి పార తిప్పితే కలవదు. ముందు రెండు కిలోల దాణాలో కలపండి, దాన్ని పది కిలోల్లో, ఆ పది కిలోలను మిగతా మొత్తంలో. ఈ ఒక్క పని సరిగా చేయక, మూలిక పని చేయలేదని తిట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

కషాయం కాచి నీళ్లలో ఇస్తే తేలిక కదా?

తేలికే. గుళికల దాణా వాడేవాళ్లకు, ఎండాకాలంలో మేత ముట్టని కోళ్లకు అదే నయం కూడా. కానీ గుడ్డతో రెండుసార్లు వడకట్టాలి, లేకపోతే కోళ్లు నీళ్లు తాగే పైపు మొనలు, అదే నిపుల్స్, మూసుకుపోతాయి. మీరు చూసుకునేలోపు ఒక లైను కోళ్లన్నీ దాహంతో నిలబడిపోతాయి. ఉదయం నాలుగైదు గంటల్లో తాగే నీటికే కలపండి, తర్వాత మామూలు నీళ్లతో లైను కడగండి. బెల్లం వేయడం మాత్రం మానండి. పైపుల్లో జిగురు పట్టి బ్యాక్టీరియాకు ఇల్లు కట్టినట్టవుతుంది.

బోరు నీళ్లు ఎలా ఉన్నాయో ముందు చూసుకోండి. మన జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కోడి దాణాకు రెండింతలు నీళ్లు తాగుతుంది, వేసవిలో ఇంకా ఎక్కువ. ఆ నీళ్లు బాగాలేకపోతే కషాయం ఏం చేస్తుంది?

ఇవన్నీ వేస్తున్నాం కదా, టీకాలు మానేయొచ్చా?

మానేయొద్దు. కొక్కెర తెగులు, గంబోరో రెండూ వైరస్ జబ్బులు. వాటికి టీకా తప్ప వేరే అడ్డు లేదు. మామూలుగా 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా (కొక్కెర తెగులు టీకా), 12 నుంచి 14 రోజుల మధ్య గంబోరో, తర్వాత లసోటా బూస్టర్ వేస్తారు. మీ కంపెనీ షెడ్యూల్ ఏదైతే దాన్ని పాటించండి.

టీకా నీళ్లలో ఇచ్చే రోజు, దానికి ముందురోజు, తర్వాతి రోజు ఏ కషాయం, ఏ క్లోరిన్ నీళ్లలో పడకూడదు. టీకాలో ఉండేది బతికున్న వైరస్. వాము, తెల్లగడ్డ నీళ్లలో అది చచ్చిపోతే మీరు టీకా వేసినట్టే ఉంటుంది, కోడికి మాత్రం పడదు. ఆ నీళ్లలో వేయాల్సింది వెన్న తీసిన పాలపొడి ఒక్కటే, లీటరుకు 5 గ్రాముల లెక్కన.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మన వైపు కూడా ఒకటే టెన్షన్. పసుపు పొగ వేయమని, తులసి నీళ్లు చల్లమని మెసేజ్‌లు తిరిగాయి. ఆ జబ్బుకు మూలిక లేదు. అప్పుడు కాపాడేది గేటు దగ్గర తాళం. బయటి మనుషులు, బయటి బండ్లు, వేరే షెడ్డులో వాడిన ట్రేలు లోపలికి రాకూడదు. ఒక్కసారిగా కోళ్లు ఎక్కువగా చనిపోతే వెంటనే పశుసంవర్ధక శాఖకు చెప్పాలి.

రక్తపారుడుకు వేపాకు చాలదా?

చాలదు. కాక్సిడియా అనే పరాన్నజీవి పేగు గోడలోకి దూరి గుణిస్తుంది. తడి పొట్టు దాని పుట్టిల్లు. దాణాలో కంపెనీ ముందే కాక్సిడియా మందు కలిపి ఉంటుంది. హెర్బల్ వేస్తున్నామని ఆ మందు లేని దాణా అడగకండి. వాము, తెల్లగడ్డ లాంటివి పేగును కాస్త బలంగా ఉంచితే ఉంచొచ్చు. రెట్టలో రక్తం కనిపించాక మాత్రం గంటలు లెక్క. చనిపోయిన కోడిని పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వంటింటి డబ్బాలు వెతకకండి. డ్రింకర్ల కింద తడిసిన పొట్టు తీసేసి పొడిది వేయడం ఆ రోజే చేయాల్సిన పని.

చెనక్కాయ చెక్క కలిపి సొంత దాణా చేసుకుంటున్నా. లివర్ టానిక్ వేస్తే సరిపోతుందా?

అనంతపురం వాళ్లందరూ ఇది జాగ్రత్తగా చదవాలి.

కాయ ఊరే సమయంలో వాన మొహం చాటేస్తే వేరుశనగకు పొలంలోనే బూజు పడుతుంది. తడి ఆరకుండా నిల్వ చేస్తే ఇంటికొచ్చాక పడుతుంది. ఆ బూజు చేసే విషం అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష దాకా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయాయి. వెతికితే బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ చెక్కలో దొరికింది ఈ విషం. దీనికి రంగు లేదు, రుచి లేదు, వేయించినా పూర్తిగా పోదు. చెక్క పైకి శుభ్రంగా కనిపించినా లోపల ఉండొచ్చు. మోతాదు కొంచెమే అయితే కోడి చావదు, అదే ఇంకా మోసం. మేత తింటుంది, బరువు రాదు, టీకా సరిగా పట్టదు, కోసి చూస్తే కాలేయం పాలిపోయి పసుపుగా ఉంటుంది.

నేల ఉసిరి లాంటివి కాలేయానికి కొంత ఆసరా ఇస్తాయి. కానీ విషం రోజూ పోస్తూ టానిక్ తాగించడం ఎంతవరకు? పేగులోనే ఆ విషాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోయేది టాక్సిన్ బైండర్, మట్టి జాతిది. ముందు అది. దానికంటే ముందు చెక్కను పరీక్ష చేయించడం. అసలు బ్రాయిలర్‌కు సోయా చెక్క వేసుకుంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది, ఖర్చు ఎక్కువైనా సరే. ఇదే మాట మూలికలకూ వర్తిస్తుంది. సరిగా ఎండని శొంఠి, పసుపు కొమ్ముల్లోనూ ఆ బూజు పడుతుంది. విరిస్తే టక్కుమని విరగాలి.

మే నెలలో కోళ్లు ఎండకు పోతున్నాయి. ఏ మూలిక వేయాలి?

ముందు నీటి తుంపర చిమ్మే ఫాగర్లు, ఫ్యాన్లు, కప్పు మీద సున్నం లేదా గడ్డి, తడి గోనె పట్టాలు. 43 డిగ్రీల ఎండలో రెండు కిలోల కోడి నోరు తెరిచి ఎగపోస్తుంటే ఏ పొడీ కాపాడదు. పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా దాణా తీసేయండి, తిన్నది అరగడానికి కూడా ఒంట్లో వేడి పుడుతుంది. చల్లని వేళ, తెల్లవారుజామున మేపండి. పైపులు ఎండలో ఉంటే నీళ్లు కాగిపోతాయి, వాటిని కప్పండి.

ఇవన్నీ చేశాక ఉసిరి పనికొస్తుంది. కోడి తనకు కావాల్సిన సి విటమిన్ తానే తయారు చేసుకుంటుంది గానీ, విపరీతమైన ఎండలో అది చాలదు. ఎండు ఉసిరి పొడి వంద కిలోలకు అరకిలో వేయొచ్చు. పెన్నేరు గడ్డ, అదే అశ్వగంధ, కూడా ఒత్తిడి తగ్గించడానికి వాడతారు. మన మెట్ట పొలాల్లో పండే పంటే కాబట్టి దొరకడం కష్టం కాదు. నాకు మాత్రం దానికంటే ఎలక్ట్రోలైట్ ప్యాకెట్ చవగ్గా, ఖాయంగా పనిచేసినట్టు కనిపించింది.

ఖర్చు గిట్టుతుందా? లెక్క చెప్పండి.

పసుపుతో చూద్దాం. కోడి 3.4 కిలోల దాణా తింటుంది అనుకోండి. అరశాతం అంటే 17 గ్రాముల పసుపు. కిలో 150 రూపాయలు అయితే కోడికి రెండు రూపాయల 55 పైసలు. నా నాలుగు వేల కోళ్లకు 68 కిలోలు, 10,200 రూపాయలు. దాణా కిలో 40 రూపాయలు అనుకుంటే, ఒక్కో కోడి 64 గ్రాముల దాణా ఆదా చేస్తేనే పసుపు డబ్బు తిరిగొస్తుంది. రెండు కిలోల వంద గ్రాముల కోడికి అది ఎఫ్‌సీఆర్‌లో 0.03. రాని తేడా కాదు, ప్రతిసారీ వచ్చే తేడా కూడా కాదు. ధరలు మారినప్పుడల్లా ఈ లెక్క మళ్లీ వేయండి. పసుపు ధర పెరిగిన ఏడాది నేను వేయడం మానేశాను, కోళ్లేమీ నన్ను అడగలేదు.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

పోయిన బ్యాచ్‌తో పోల్చకండి. పోయినసారి పిల్లలు వేరు, కాలం వేరు, దాణా వేరు. ఒకే బ్యాచ్‌లో షెడ్డును వల కట్టి రెండుగా చీల్చండి. ఒక సగానికి మూలిక, ఒక సగానికి మామూలు దాణా. దాణా బస్తాలు వేరువేరుగా రాయండి, చనిపోయినవి వేరువేరుగా రాయండి. వారానికోసారి రెండువైపులా యాభై కోళ్లు తూకం వేయండి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. నడిచి వెళ్లి చేతికి దొరికిన కోడిని పడతారు. చేతికి దొరికేది మందకొడిదే. ఒక మూలకు అట్టతో మళ్లించి, ఆ మళ్లించినవాటిని అన్నిటినీ తూచండి, చిన్నదని వదలొద్దు. తర్వాతి బ్యాచ్‌లో వైపులు మార్చండి. పడమటి గోడ వైపు ఎప్పుడూ వేడి ఎక్కువ, ఫ్యాన్ వైపు కోడి ఎప్పుడూ బాగుంటుంది. ఇరవై గ్రాముల తేడా వస్తే సంబరపడకండి, అది త్రాసుదీ కావచ్చు. మూడు బ్యాచ్‌ల్లో ఒకేవైపు మొగ్గితే అప్పుడు నమ్మండి. నా షెడ్డులో ఇలా చూస్తే వాము నిలబడింది, తులసి నిలబడలేదు. మీ షెడ్డులో తిరగబడొచ్చు.

కంపెనీ హెర్బల్ ప్యాకెట్ కొనేటప్పుడు ఏం చూడాలి?

ఏ మూలిక ఎంత ఉందో రాసి ఉందా అని. ‘ప్రత్యేక మూలికల మిశ్రమం’ అని మాత్రమే ఉంటే పక్కన పెట్టండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉండాలి. హెర్బల్ అన్న పేరుతో రెండు రోజుల్లో విరేచనాలు ఆపేసే అద్భుతం ఏదైనా కనిపిస్తే, లోపల మూలిక కాక ఇంకేదో ఉందేమోనని అనుమానించండి. హెర్బల్ మిథియోనిన్ అనే పొడులు కూడా వస్తున్నాయి. మిథియోనిన్ అంటే మాంసకృత్తుల్లో ఉండే ఒక అమైనో ఆమ్లం. దాణాలో అది తగ్గిస్తే ఈకలు, రొమ్ము మాంసం రెండూ దెబ్బతింటాయి. న్యూట్రిషనిస్ట్‌ను అడగకుండా దాన్ని తీసి దీన్ని పెట్టకండి.

లిఫ్టింగ్‌కు, అంటే కోళ్లను అమ్మకానికి ఎత్తడానికి ముందు ఆపాలా? ‘హెర్బల్ చికెన్’ అని ఎక్కువ ధరకు అమ్మొచ్చా?

తెల్లగడ్డ వాసన మాంసానికి పట్టొచ్చు, కాబట్టి చివరి ఐదు రోజులు ఆపేయండి. మిగతావాటికి అలాంటి నియమం లేదు, కానీ చివర్లో వేసినా లాభం లేదు.

పేరు సంగతికొస్తే, పసుపు వేశామని హెర్బల్ చికెన్ అని బోర్డు పెట్టి, అదే బ్యాచ్‌కు మధ్యలో యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే అది మోసమే. మందు ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి, జబ్బు కోడిని వదిలేయమని ఎవరూ చెప్పరు. కానీ మందు ఆపాక ఎన్ని రోజులు ఆగాలని చీటీ మీద రాశారో అన్ని రోజులూ పూర్తయ్యేదాకా అమ్మకండి, ఆ బ్యాచ్‌కు ఆ పేరు పెట్టకండి.

ఎవరిని అడగాలి?

కోళ్లు జబ్బు పడితే దగ్గర్లోని పశువైద్యశాల, లేదా 1962కు ఫోన్. దాణా, మూలికల సంగతులకు కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. కర్నూలు వాళ్లకు బనవాసి, అనంతపురం వాళ్లకు రెడ్డిపల్లి, కడప వాళ్లకు ఊటుకూరు. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందిది. వెళ్లేటప్పుడు కాగితం మీద దాణా లెక్క, చావుల లెక్క రాసుకెళ్లండి. ఉత్త చేతులతో వెళ్లి ‘కోళ్లు డల్‌గా ఉన్నాయి సార్’ అంటే వాళ్లు మాత్రం ఏం చెప్తారు?

పెరట్లో నాటుకోళ్లకు కూడా ఇవే వేయాలా?

అవి తిరిగి ఆకూ పురుగూ ఏరుకుని తింటాయి, రోజూ పొడి వేయాల్సిన పని లేదు. కొక్కెర తెగులు టీకా మాత్రం వాటికీ వేయించండి.